మా అత్త పట్టిన రెండో దొంగ

ఇప్పుడంటే ఎవరికి వాళ్లు ఫోను పైకెత్తి, పొద్దున తిన్న ఉగ్గాని దగ్గర్నుంచి సాయంత్రం తెగిన చెప్పుదాకా లోకానికంతా చూపించుకుంటున్నారు గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టీవీలో కనబడాలంటే అంత తేలిక కాదు. ఎమ్మెల్యే అయినా కావాలి, బోరుబావిలో అయినా పడాలి. (మొదటిదానికి మా ఇంట్లో ఎవరికీ స్తోమత లేదు. రెండోదానికి నా నడుము పట్టదు.) ఎప్పుడైనా వార్తల్లో మా ఎమ్మిగనూరు పేరు వినబడితే వీధిలో వాళ్లంతా టీవీ దగ్గరికి పరుగెత్తేవాళ్లు. తీరా చూస్తే అది ఎండ ఎన్ని డిగ్రీలు కాసిందో చెప్పడానికి అయివుండేది. అయినా సరే, మన ఊరి ఎండ టీవీలో వచ్చిందని ఆ రోజంతా గొప్పగానే ఉండేది. అలాంటి కాలంలో మా ఇంటి కథ ఏకంగా సీరియల్ అయ్యింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఈనాటికీ నాకు ఛాతీ పొంగుతుంది. అందులో నేను చేసిన నిర్వాకం చెప్పాల్సి వచ్చేసరికి ఆ ఛాతీ కాస్త దిగుతుంది. రెండూ చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయిపోయి, ఆదోనిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు తీసే పనిలో ఉన్నాను. స్టూడియో యజమానిని అందరూ మీసాలన్న అనేవాళ్లు. ఆయన మీసాలు కెమెరా పట్టుకున్నప్పుడు అటూ ఇటూ బయటికి కనబడేవి. రోజూ పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనిలో దిగడం, సాయంత్రం ఆదోనిలో ఎక్కి ఎమ్మిగనూరులో దిగడం, మధ్యలో ఎవరో ఒకరి తలంబ్రాలు. ఉండేది మా మేనత్త ఇంట్లో. మా నాయనకు అక్క, మగ్గం నేసే మనిషి. నాకూ నేత నేర్పాలని చిన్నప్పుడు చాలా ప్రయత్నించింది గానీ, పేక నూలు మోసే నాడె, నేను విసిరితే, పడుగులో నుంచి అవతలికి పోకుండా ప్రతిసారీ గడపవైపు పోయేది. "వీడు మగ్గానికి పనికిరాడు, గోలీలాటకైతే పనికొస్తాడు" అని ఒక రోజు అత్త తీర్పు చెప్పేసింది. అట్లా నేను కళారంగంలోకి వచ్చాను.

ఆ రోజుల్లో శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు ఒక నేర సీరియల్ వచ్చేది. వారానికో కథ, ప్రతిదీ నిజంగా జరిగినదే అని మొదట్లోనే ఒక బొంగురు గొంతు చెప్పేది. నల్లకళ్లద్దాల ఇన్‌స్పెక్టర్ ఒకాయన ప్రతి వారం ఆఖరి పది నిమిషాల్లో దొంగను పట్టేసేవాడు. మీసాలన్న ఆ గంట స్టూడియో షట్టరు సగం దించేసేవాడు. మధ్యలో పాస్‌పోర్ట్ ఫొటోకు ఎవరైనా వస్తే "ఇప్పుడు తీస్తే కండ్లు మూసుకున్నట్టు పడతాదప్పా, గంటాగి రా" అని పంపేసేవాడు. సీరియల్ అయిపోయాక తెర మీద, మీ ప్రాంతంలో జరిగిన నిజ సంఘటనలు మాకు రాసి పంపండి, ఎంపికైతే కథ అందించినవారి పేరు వేస్తాం, అని వచ్చేది. పేరు వేస్తాం అన్న ఆ రెండు మాటలు చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జిల్లుమనేది.

నిజ సంఘటన కోసం నేను ఎక్కడికో పోనక్కర్లేదు. మా అత్త దగ్గరే ఉంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో, వీధిలో వాళ్లంతా ఒక గృహప్రవేశానికి భోజనానికి పోయిన మధ్యాహ్నం, అత్త ముందుగదిలో మూటగట్టి పెట్టిన ఎనిమిది చీరలు పోయాయి. నాలుగు నెలల కష్టం. వేరే వాళ్లయితే గుండెలు బాదుకునేవాళ్లు. అత్త మాత్రం ఉట్టి మీది సంగటి ముద్ద దించుకుని తినింది. "తిరగాల్సిన పని శానా ఉండాది, ఉత్త కడుపుతో తిరగల్యాను" అంది. స్టేషన్‌లో కాగితం రాసిచ్చి, మూడో రోజు ఆదోని బస్సెక్కింది. బట్టల బజారులో ఒక్కొక్క అంగడీ ఎక్కడం, చీరలు కొనేదానిలాగా కూర్చోవడం, చూపించిన ప్రతి చీర కొంగు చివర బొటనవేలితో తడమడం. ఇదీ ఆమె చేసిన దర్యాప్తు.

ఎందుకంటే మా అత్తకు ఒక అలవాటుంది. అది వాళ్లమ్మ, అంటే మా జేజి నేర్పిన అలవాటు. చీర నేత పూర్తయ్యే ముందు, కొంగు చివరి నుంచి నాలుగో వరసలో ఒకే ఒక్క పోగు పసుపులోనూ గంజిలోనూ ముంచి ఆరబెట్టినది వేస్తుంది. "ఆడపిల్లను పసుపు పెట్టకుండా అత్తారింటికి పంపుతామా? చీరనెట్ల పంపుతాము?" అనేది. ఆ పోగు చూస్తే కనబడీ కనబడనట్టు ఉంటుంది. గంజి పట్టింది కాబట్టి వేలికి మాత్రం కాస్త గరుకుగా తగులుతుంది. పద్నాలుగో అంగడిలో అత్త బొటనవేలు ఆగిపోయింది. అంగడి సేటు మంచివాడే, తెలియక కొన్నాడు. "ఎమ్మిగనూరు చీరలన్నీ ఒకే తీరుగా ఉంటాయి కదమ్మా, నీవేనని ఎట్లా?" అన్నాడు. అత్త మడత కూడా విప్పకుండా, ఆ దొంతరలో ఇంకా ఏడు చీరలు కళ్లు మూసుకుని బయటికి తీసింది. ఎనిమిదింటిలోనూ నాలుగో వరసలో పసుపు పోగు. అమ్మినవాడు ఇంకో మూటతో సాయంత్రం వస్తానన్నాడని సేటు చెప్పాడు. అత్త అక్కడే కూర్చుంది. వచ్చినవాడు ఎవరనుకున్నారు? మా వీధిలోకి పాత పట్టుచీరల జరీ కొంటానని వచ్చిపోయే మనిషే. అత్తను చూసి వాడు వెనక్కి తిరిగేలోపల ఈమె వాడి మణికట్టు పట్టుకుంది. ముప్పై ఏళ్లు పొద్దస్తమానం మగ్గం అచ్చును గుండెలకేసి లాగిన చెయ్యి అది. వాడు గింజుకున్నాడు, కాళ్లు పట్టుకున్నాడు, ఆఖరికి ఏడ్చాడు. పోలీసులు వచ్చేదాకా ఆమె వదలలేదు. వచ్చిన తర్వాత కూడా సేటూ, కానిస్టేబులూ కలిసి వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. బల్ల మీద ఎనిమిది చీరలు, బల్ల వెనకాల నలుగురు పోలీసులు, మధ్యలో తల దించుకున్న దొంగ. "పోలీసుల చాకచక్యం" అని పైన పెద్ద అక్షరాలు. మా అత్త కూడా అక్కడే నిలబడింది గానీ, ఫొటో తీసినాయన ఎక్కడ కత్తిరించాడో ఏమో, కుడి అంచున ఆమె మోచెయ్యి ఒక్కటే మిగిలింది. అత్త ఆ పేపరు ముక్కను దేవుని పటం వెనకాల దాచుకుంది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపించేది. "ఇదో, ఈ మోచెయ్యి నాదే" అనేది. వాళ్లు నమ్మకపోతే చీర కొంగు పైకి జరిపి, మోచెయ్యి ఫొటో పక్కన పెట్టి పోల్చుకోమనేది. నవ్వుతూనే అనేది గానీ, కాగితం మళ్లీ మడిచి పెట్టేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు ఉండేది కాదు. అది నేను చూశాను. చూసి కూడా చేశాను చేసిన పని.

చేసిన పని ఏమిటంటే, నేను ఆ సీరియల్‌కు కథ రాసి పంపాను. పన్నెండు పేజీలు. మొదటి రెండు పేజీలు ఉన్నది ఉన్నట్టు రాశాను. మూడో పేజీకి వచ్చేసరికి నాకు బుద్ధి పుట్టింది. ఈ సీరియల్‌లో ప్రతి వారం దొంగను పట్టేది నల్లకళ్లద్దాలాయన కదా, మధ్యలో మా అత్త పడితే వాళ్లకు నచ్చుతుందా, నచ్చకపోతే నా పేరు వేస్తారా? అంతే, పద్నాలుగు అంగళ్లూ ఇన్‌స్పెక్టరే ఎక్కాడు. పసుపు పోగు ఇన్‌స్పెక్టరే భూతద్దంతో కనిపెట్టాడు. మణికట్టు ఇన్‌స్పెక్టరే పట్టాడు. సంగటి ముద్ద తిని బస్సెక్కిన మా అత్త "కన్నీరుమున్నీరుగా విలపించి గుమ్మంలో కూలబడింది". (ఆ వాక్యం రాసినప్పుడు నాకు నేనే శభాష్ అనుకున్న సంగతి కూడా ఒప్పుకుంటున్నాను.)

నెల తిరక్కుండా హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. డైరెక్టరే మాట్లాడాడు. కథ బాగుందన్నాడు. రెండు రోజులు షూటింగు, ఒక రోజు ఎమ్మిగనూరులో మీ ఇంట్లోనే, రెండో రోజు ఆదోనిలో అదే అంగడిలో. అసలు మనిషి సంతకం ఒకటి కావాలి, పసుపు పోగు వేసిన చీర ఒకటి కావాలి, అది మగ్గం మీద నేస్తుండగా తీస్తాం అన్నాడు. మీసాలన్న ఆ రోజు స్టూడియోలో ఉన్న గిరాకీలందరికీ టీ తెప్పించి, "మావాడు కథకుడయినాడప్పా" అని నా వీపు మీద కొట్టాడు. నాలుగు రోజులకు కాగితం వచ్చింది, ఇంగ్లీషులో. అత్త కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఏమి రాసినార్రా దీంట్లో?"

"నీ కథ టీవీలో తీస్తామని రాసినారత్తా."

"ఆ అంగడిలో జరిగిందంతా వస్తాదా?"

"అంతా వస్తాది."

"దొంగను ఎవరు పడతారు?"

నేను కాగితం వైపే చూస్తూ, "ఇంకెవరు పడతారత్తా, నువ్వే" అన్నాను.

అత్త పెన్ను తీసుకుని తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా రాసింది. ఆ సాయంత్రమే మిరపపండు రంగు పడుగు మగ్గానికి ఎక్కించింది. టీవీకి పోయే చీర కదా అని, పోగు తెగితే ముడి కనబడకుండా ఎంత జాగ్రత్తగా నేసిందో నాకు తెలుసు. షూటింగు నాటికి చీర దాదాపు అయిపోయింది, కొంగు చివర జానెడు మాత్రం మిగిలింది.

మొదటి రోజు మా వీధి వీధంతా మా గడపలోనే ఉంది. మా అత్త వేషానికి హైదరాబాదు నుంచి ఒకమ్మాయి వచ్చింది. తెల్లగా, సన్నగా, నడివయసు కోసం చెవుల దగ్గర రెండు నెరిసిన వెంట్రుకలు అతికించుకుని. మాది గుంట మగ్గం. ఆ అమ్మాయి గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవడానికే అరగంట పట్టింది. నాడె విసరమంటే విసిరింది. అది నేను విసిరే దారినే పోయి డైరెక్టరుగారి టీ గ్లాసు పగలగొట్టింది. (నాకు చాలా ఊరట కలిగింది.) అత్త ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టి నేర్పింది. భోజనాలప్పుడు కూడా ఇద్దరూ ఒక పక్కన కూర్చుని మాట్లాడుకున్నారు. నేను మాత్రం ఆ రోజంతా మెడలో ఒక గుర్తింపు కార్డు వేలాడేసుకుని, ఎవరూ అడక్కపోయినా వీధిలో జనాన్ని వెనక్కి నెడుతూ తిరిగాను. నా జీవితంలో అంత మంచి రోజు మళ్లీ రాలేదు. షూటింగు వాళ్లు వెళ్లిపోయాక అత్త మగ్గం దగ్గర కూర్చుని, తల ఎత్తకుండానే అడిగింది.

"రేపు యాడ?"

"ఆదోని అత్తా, సేటు అంగట్లో."

"నేనూ వస్తాను. చీర నేనే తెస్తా."

"నీకెందుకత్తా శ్రమ, నాకియ్యి, నేను తీసుకపోతా" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసింది. "ఇంగా కొంగు అయిపోలేదప్పా, నువ్వు ముందు పో" అంది. నన్నెప్పుడూ రేయ్ అనే మనిషి అప్పా అన్నప్పుడే నేను గ్రహించాల్సింది. మెడలో కార్డు ఉన్నవాడికి అలాంటివి తట్టవు.

మర్నాడు ఆదోని బజారులో దారి లేదు. పత్తి బండ్ల వాళ్లు, హాలహర్వి నుంచి పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు, అందరూ సేటు అంగడి ముందే. సేటు కొత్త టోపీ పెట్టుకుని, తన వేషం తానే వేస్తానని పట్టుబట్టి, మాటలు బట్టీపట్టుకుంటున్నాడు. నల్లకళ్లద్దాల ఇన్‌స్పెక్టర్‌ను మొదటిసారి కళ్లారా చూశాను. చీకటిగా ఉన్న అంగడిలో కూడా ఆయన అద్దాలు తీయలేదు. అత్త పదకొండు గంటలకు వచ్చి, సంచిలోంచి చీర తీసి డైరెక్టర్ చేతికిచ్చి, ఒక మూల స్టూలు మీద కూర్చుంది. సేటు ఆమెకు నిమ్మసోడా తెప్పించాడు.

సీను ఏమిటంటే ఇన్‌స్పెక్టర్ చీర కొంగు విప్పి, భూతద్దం పెట్టి, "ఇదిగో పసుపు పోగు! నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఒక ఆధారం వదిలిపెడతాడు" అనాలి. కెమెరా దగ్గరికి పోయింది. ఇన్‌స్పెక్టర్ కొంగు విప్పాడు. భూతద్దం పెట్టాడు. "ఇదిగో" అన్నాడు, ఆగాడు. మళ్లీ "ఇదిగో" అన్నాడు. నల్లకళ్లద్దాలు తీశాడు. డైరెక్టర్ కట్ అన్నాడు. ఇంకోసారి తీశారు, ఇంకోసారి. ఆరోసారికి ఇన్‌స్పెక్టరు ముఖానికి పట్టిన చెమటకు మేకప్ కాస్తా మీసం మీదికి జారింది.

"ఏదయ్యా నీ పసుపు పోగు?" అని డైరెక్టర్ నన్ను పిలిచాడు. నేను ఎంతో ధీమాగా పోయి కొంగు చేతిలోకి తీసుకున్నాను. మిరపపండు రంగు చీర బాగానే ఉంది. కొంగు చివర నాలుగు వేళ్ల వెడల్పున మాత్రం మొత్తం పసుపు రంగు పేకతో నేసేసింది మా అత్త! నాలుగో వరస కాదు, వరస వరసా పసుపే. ఆ పసుపులో పసుపు పోగు ఎక్కడుందో కనిపెట్టడానికి భూతద్దం కాదు గదా, ఏ అద్దమూ చాలదు. నేను మెల్లగా స్టూలు వైపు తిరిగాను. అత్త తీరిగ్గా సోడా తాగుతోంది.

"అత్తా," అన్నాను గొంతు తగ్గించి, "పోగు యాడుండాది?"

"ఉండాది. దాంట్లోనే ఉండాది."

"యాడో సెప్పత్తా. అందరూ సూస్తాండారు."

"నేను సెప్పేదేంటికి? పట్టేది ఇన్‌స్పెక్టర్ సారంట కదా. నిన్న ఆ పాప సెప్పింది, ‘నేను ఏడిస్తే సాలంటమ్మా, దొంగను సారే పడతారంట’ అని. పట్టనీ, సూద్దాం. నేను గడపలో కూలబడి ఏడ్సల్ల కదా? ఈ సోడా అయిపోనీ, ఏడుస్తా."

ఆ మాట ఆమె మెల్లగానే అంది గానీ అంగడంతా వినబడింది. కళాదర్శకుడు ఒకాయన ఉపాయం చెప్పాడు. ఎర్రటి భాగం మీద స్కెచ్ పెన్నుతో ఒక పసుపు గీత గీసేస్తే సరిపోతుందని. పెన్ను మూత తీసేలోపల అత్త స్టూలు మీంచి లేచింది. "నా సీర మీద ఆ గీత పడిందంటే, నీ సెయ్యి నీ ఇంటికి పోదు" అంది. ఆయన మూత పెట్టేశాడు. డైరెక్టర్ మాత్రం కోప్పడలేదు. ఆమె దగ్గరికి వచ్చి, "అమ్మా, అసలు ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగాడు.

అత్త చెప్పింది. సంగటి దగ్గర్నుంచి చెప్పింది. పద్నాలుగు అంగళ్లు, ఎనిమిది చీరలు, మణికట్టు. మధ్యలో సేటు తట్టుకోలేకపోయాడు. "సచ్ సార్, అల్లా కసం. ఆమె పట్టిన పట్టు నేనూ పోలీసాయనా కలిసి విడిపించినాము. నా గోరు ఊడింది సార్, ఇదో సూడండి" అని వేలు చూపించాడు. డైరెక్టర్ నా వైపు తిరిగాడు.

"ఇదంతా నువ్వెందుకు రాయలేదయ్యా? నిజ కథ పంపమంటే ఇంత మంచి కథ వదిలేసి మా ఇన్‌స్పెక్టర్ని పంపావేమిటి?"

అత్త నావైపు చూసింది. అది కోపం చూపు కాదు. మోచెయ్యి ఫొటో మడిచి పెట్టేటప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉండేదో అట్లా ఉంది. మెడలో ఉన్న కార్డు తీసి జేబులో పెట్టుకోవడం తప్ప ఆ క్షణంలో నాకేమీ తోచలేదు. అంతమంది మధ్యలో కూడా వాళ్లెవరూ నాకు కనబడలేదు, ఆమె ఒక్కతే కనబడింది.

డైరెక్టర్ అక్కడికక్కడే కథ మార్చేశాడు. అత్త ముఖం చూపించడానికి లేదు, ఎందుకంటే ముందురోజు ఆ హైదరాబాదు అమ్మాయినే అత్తగా పెట్టి షూటింగు చేసేశారు. కాబట్టి చెయ్యి ఒక్కటి చూపిస్తామన్నాడు. అత్త ఆలోచించి, "పోగును పట్టేదీ సెయ్యే, దొంగను పట్టేదీ సెయ్యే, సాలు" అంది. కొంగు మీద కెమెరా పెట్టారు. అత్త కళ్లు మూసుకుని బొటనవేలు ఆ పసుపు మీద మెల్లగా నడిపించింది. నా గురించి ఆమె ఏమనుకుంటోందో అన్న భయంలో కూడా నేను ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను. తొమ్మిదో వరసలోనో పదో వరసలోనో వేలు ఆగింది. గోటితో పైకి మీటింది. సన్నగా, గరుకుగా, ఒక్క పోగు లేచి నిలబడింది. బజారులో పత్తి బండి వాళ్లు ఈలలు వేశారు. ఇన్‌స్పెక్టరు కూడా చప్పట్లు కొట్టాడు, ఆయన దొడ్డబుద్ధికి మెచ్చుకోవాలి.

తర్వాత మణికట్టు సీను. దొంగ వేషం వేసినతను పాపం నాజూకు మనిషి. డైరెక్టర్ యాక్షన్ అన్నాడు, అత్త పట్టుకుంది, అతను అరిచాడు. "అద్భుతం, కట్" అన్నాడు డైరెక్టర్. అత్త వదలలేదు. కట్ అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అతను ఇంకా గట్టిగా అరిచాడు, కెమెరా ఆయన ఇంకా బాగుందని తీస్తూనే ఉన్నాడు. ఆఖరికి ఇన్‌స్పెక్టరే పరుగెత్తుకొచ్చి, "వదలండమ్మా, పోలీసును నేను వచ్చాను కదా" అన్నాడు.

"నువ్వు పోలీసు కాదప్పా, యేసగానివి" అంది అత్త. "నిజం పోలీసు వచ్చినంకనే ఇడుస్తా."

సేటు అనుభవం ఉన్నవాడు కాబట్టి ముందుకొచ్చి, చిటికెన వేలి దగ్గర్నుంచి మొదలుపెట్టి వేళ్లు విప్పాడు.

సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆదోని దాటి పత్తి చేలు వచ్చాయి. నేనే అన్నాను, "తప్పయిపోయిందత్తా" అని.

"ఇద్దరు దొంగల్ని పట్టినా," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఒకన్ని జైల్లో ఏసినారు. రెండోవాన్ని ఏం చేయల్ల?"

"నువ్వే సెప్పు."

"పేపరాయనకు నేనెవరో తెల్దు, వదిలేసినాడు. నీకు తెల్సు కదరా."

అంతే అంది. నాకు ఏడుపొచ్చింది. బస్సులో నందవరం ఆడవాళ్లు చూస్తారని దగ్గినట్టు నటించాను. అప్పా అనకుండా మళ్లీ ‘కదరా’ అన్నదని లోపల కొంచెం ధైర్యం కూడా వచ్చింది. దిగేముందు శిక్ష వేసింది. మూడు నెలల ఆదివారాలు రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టాలి. చుట్టాను. మీసాలన్న ఒక ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చి, తల ఊపి, ఇంకో రాట్నం ఉంటే తానూ కూర్చుంటానన్నాడు. (ఆయన చుట్టిన కండె మగ్గం మీద మూడు నిమిషాలు కూడా నిలవలేదు.)

మా కథ వచ్చే శుక్రవారం రానే వచ్చింది. మా ముందుగదిలో, గడపలో, కిటికీ బయట, ఎక్కడ చూసినా జనం. సీరియల్ మొదలైంది. వీధి కనబడింది, మగ్గం కనబడింది, హైదరాబాదు అమ్మాయి కనబడింది. ఆ అమ్మాయి ఏడవలేదు, సంగటి ముద్ద తినింది. (ఆ ముక్క తర్వాత హైదరాబాదులో మళ్లీ తీశారట.) అంగడి సీను వచ్చింది. పసుపు కొంగు మీద ఒక చెయ్యి. వంకర తిరిగిన బొటనవేలు, చూపుడువేలి పక్కన నూలు కోసి కోసి పడిన గాడి. ఎవరి చెయ్యో టీవీ చెప్పలేదు. చెప్పాల్సిన పనే రాలేదు. వీధి వీధంతా ఒక్కసారిగా అరిచింది, "అక్కా, నీ సెయ్యి! అది నీ సెయ్యే!" అని. అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చున్న అత్త తన చెయ్యి ముందుకు చాపి, టీవీలో దాన్నీ దీన్నీ ఒకసారి పోల్చి చూసుకుంది. నాకు గుర్తున్నంతలో ఆమె అంత గర్వంగా నవ్వడం అదే మొదటిసారి. ఆ చెయ్యి మా ఇంటి చెయ్యి అని నాకూ గుండె నిండిపోయింది.

ఆఖర్లో కథ అందించినవారి పేరు కూడా వచ్చిందట. సరిగ్గా అప్పుడే కింద నొప్పుల మందు ప్రకటన ఒకటి అడ్డంగా పరుగెత్తింది. నా పేరులో మొదటి అక్షరం తల మాత్రం పైకి కనబడింది. అత్త అది చూసి, "పోనీలేరా, నీకూ మోచెయ్యి వచ్చె" అంది. మర్నాడు దేవుని పటం వెనక నుంచి పాత పేపరు ముక్క తీసి, "మొదట మోచెయ్యి వచ్చె, ఇప్పుడు ముంజెయ్యి వచ్చె. ముఖం రావల్లంటే ఇంగో దొంగ రావల్ల" అని అందరితో చెప్పి నవ్వింది. ఆ నవ్వు కాగితం మడిచాక కూడా ఉంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. కెమెరాలు మారాయి, నా నడుము చుట్టుకొలత మారింది. ఒక్క అలవాటు మాత్రం ఆ మూడు నెలల ఆదివారాల నుంచి పట్టుకుంది. ఎవరి పెళ్లి తీసినా, ఎక్కడో ఒకచోట, రెండు క్షణాల పాటు, ఒక చెయ్యి తీస్తాను. గాడిపొయ్యి దగ్గర అన్నం వార్చే చెయ్యి, పూలు కట్టే చెయ్యి, అంట్లు తోమే చెయ్యి. పెళ్లివాళ్లు అడగరు, చాలామంది గమనించరు. నేనూ ఎవరితో చెప్పను.

పోయినేడాది తుగ్గలి వైపు మా దూరపు బంధువుల పెళ్లి ఒకటి, వేరే స్టూడియో వాళ్లు ఒప్పుకుని, మనిషి చాలక నన్ను పిలిస్తే పోయి తీశాను. వీడియో మీద పేరు వాళ్లదే. కొన్నాళ్లకు ఒక సాయంత్రం అత్తను చూడ్డానికి ఎమ్మిగనూరు పోయాను. ఇప్పుడామె మగ్గం ఎక్కడం లేదు, కళ్లకు ఆపరేషన్ అయింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే లోపల టీవీలో సన్నాయి వినబడింది. ఆ బంధువుల పిల్లలు పెళ్లి వీడియో తెచ్చి అత్తకు చూపిస్తున్నారు.

"ఆపు, ఆపు, ఆడ ఆపు" అంది అత్త గొంతు. "ఆ గంగాళం తోమే సెయ్యి మళ్లా ఒకసారి పెట్టు."

పిల్లలు పెట్టారు.

"ఇది మావోడు తీసినాడు."

"కాదవ్వా, పేరు వేరేవాళ్లది ఉంది చూడు" అన్నారు పిల్లలు.

"పేరెవరిదైతే ఏమప్పా," అంది అత్త, "పోగు వానిది."

ఇరవై మూడేళ్లప్పుడు తెర మీద పేరు కోసం పన్నెండు పేజీలు రాసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, గుమ్మంలో నిలబడే నవ్వుకున్నాను. ఆ రోజు చెప్పులు విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.